ఇంకొకటి ఉంది కదా



ఈ వారం విమానాల గురించి రాస్తున్నాను. ఆశ్చర్యపోకండి. మన సంఘంలో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న రెండు వారాలుగా నన్ను వదలడం లేదు. సెలవు అయిపోయి చెన్నై నుంచి కువైట్‌కు బయల్దేరాడు. ముందు వరుసల్లో సీటు. తలుపు ఇంకా మూయలేదు. ఒక ఇంజనీరు ఎక్కి, పైలట్‌తో మాట్లాడి, ఒక పుస్తకంలో ఏదో రాసి, సంతకం పెట్టి దిగిపోయాడు. వాళ్ల మాటల్లో ఇతనికి అర్థమైంది ఒక్కటే. ఏదో ఒకటి పని చేయడం లేదు, దాన్ని తర్వాత చూస్తారు. తలుపు మూశారు, విమానం లేచింది. అక్కడ దిగీ దిగగానే నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అయ్యగారూ, చెడిపోయిందని తెలిసి కూడా ఎట్ల ఎగరనిస్తారు? దిగేదాకా కీర్తనలు చెప్పుకుంటా కూచున్నా."

నాకు విమానాల గురించి తెలిసింది తక్కువ. కర్నూలు పోయేటప్పుడు ఓర్వకల్లు దగ్గర బస్సు కిటికీలోంచి చూసిందే ఎక్కువ. 2021 మార్చిలో అక్కడ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో విమానాశ్రయం మొదలైంది. రెండు ఫ్యాన్ల చిన్న ఏటీఆర్ విమానం దిగుతుంటే బస్సులో పిల్లలు ఒక పక్కకు ఒరిగిపోవడం చూశాను. అందుకని శంషాబాద్‌లో విమానాల మెకానిక్ పని చేస్తున్న మనవాళ్లబ్బాయి ఒకతన్ని అడిగాను. ఓపికగా చెప్పాడు. వాళ్ల కంపెనీ పేరు రాయొద్దన్నాడు, రాయను.

విమానంలో ప్రాణానికి ముఖ్యమైనది సాధ్యమైనంతవరకు ఒక్కటే ఉండకుండా చూస్తారు. ఆ ఏటీఆర్‌కు రెండు ఇంజన్లు. ఒకటి ఆగినా రెండోదానితో పోయి దగ్గర్లో దిగగలదు. చక్రాలను, బ్రేకులను, రెక్కల వెనక మడతలను కదిలించే నూనె పీడనం రెండు వేర్వేరు ఏర్పాట్ల నుంచి వస్తుంది. పెద్ద విమానాల్లో అవి మూడు కూడా ఉంటాయి. పైలట్లు ఇద్దరు. వేగం చూపే మీటర్లు ఇద్దరి ముందూ వేర్వేరు. బోరు ఎండితే పక్క బోరు ఉండాలని ఆశపడే మన రైతుకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

మరి రెండు ఉన్నప్పుడు ఒకటి చెడితే ఏం చేయాలి? ప్రతి చిన్నదానికీ విమానాన్ని ఆపేస్తే ఎవరూ ఎక్కడికీ పోలేరు. విడిభాగం ఢిల్లీలో ఉంటుంది, విమానం ఇక్కడ ఉంటుంది. అలాగని ఇష్టం వచ్చినట్టు ఎగిరితే జనం చచ్చిపోతారు. అందుకే ఒక జాబితా ఉంది. దాన్ని ఎంఈఎల్ అంటారట. కనీసం ఏమేమి పని చేయాలో చెప్పే జాబితా. విమానం తయారు చేసినవాళ్లు ఒక మూల జాబితా ఇస్తారు, దాన్ని బట్టి విమాన సంస్థ తనది తయారు చేసుకుంటుంది, మన దేశంలో దానికి డీజీసీఏ ఆమోదం ఉండాలి. ఒక్కొక్క వస్తువుకూ రాసి ఉంటుంది: ఇవి ఎన్ని ఉన్నాయి, ఎన్ని పని చేస్తే బయల్దేరవచ్చు, ఏ షరతు మీద. ఎగరడానికి అవసరమైనదై ఉండి, ఆ జాబితాలో లేకపోతే, అది పని చేసి తీరాలి. దానికి వాయిదా లేదు.

వాయిదా ఉన్నవాటికి గడువు ఉంది. కొన్నింటికి గడువు ఆ వస్తువు ఎదుటే రాసి ఉంటుంది. మిగతావాటిలో కొన్నింటికి 3 రోజులు, కొన్నింటికి 10 రోజులు, ప్రాణానికి బాగా దూరంగా ఉన్నవాటికి 120 రోజులు. 120 రోజులంటే విత్తనం వేసిన రోజు నుంచి శెనక్కాయ పీకేదాకా. ఆ గడువు లోపల బాగు చేయాల్సిందే. చెడిపోయినదాన్ని పుస్తకంలో రాయాలి, ఎవరు చూశారో సంతకం ఉండాలి, పైలట్ దాన్ని చదవాలి. చదివి, ఈ వాతావరణంలో, ఈ దారిలో, ఇది లేకుండా నేను పోను అనే అధికారం కూడా ఆయనకు ఉంది.

ఇంకొకటి చెప్పాడు, నాకు అన్నిటికంటే అది నచ్చింది. చెడిపోయిన ఆ స్విచ్చు దగ్గరో మీటరు దగ్గరో ఒక చిన్న స్టిక్కర్ అంటిస్తారట, ఇది పని చేయడం లేదని. ఎందుకు? రేపు ఎక్కే పైలట్ వేరే అతను. ఇద్దరున్నారనుకుని అతను ఒకరిమీద ఆధారపడకూడదు కదా. రెండోది ఉందని లెక్కపెట్టుకోవద్దు, ఈ రోజు నీకు ఉన్నది ఒకటే అని ఆ స్టిక్కర్ చెబుతుంది.

కాబట్టి ఆ తమ్ముడికి నేనిచ్చిన జవాబు ఇది: నాయనా, నువ్వు చూసింది భయపడాల్సిన పని కాదు. ఒక మనిషి తెల్లకాగితం మీద నిజం రాసి సంతకం పెట్టడం చూశావు. భయపడాల్సింది ఎవరూ ఏమీ రాయకుండా తలుపు మూసిన విమానం గురించి.

ప్రసంగాల్లో మనం వాయిదా వేయడాన్నంతా ఒకే గాటన కట్టి సోమరితనం అంటుంటాం. నేను దాన్ని ఒప్పుకోను. కోత మధ్యలో ఉన్న రైతును కంటి ఆపరేషన్ రేపే చేయించుకో అంటే ఎట్లా? పంట ఇంటికొచ్చాక పోతాడు, అది సబబే. కాకపోతే తేదీ ఉండాలి, ఆ తేదీ ఇంకొకరికి తెలిసి ఉండాలి. పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన పత్రికలో కోపం గురించి చెప్పిన మాట మీకు తెలుసు. కోపమే రాకూడదని ఆయన అనలేదు. పొద్దు గుంకేవరకు గడువు ఇచ్చాడు. విమానాల జాబితాలో కూడా అంత తక్కువ గడువు అరుదే అనుకుంటాను.

ఇక వాయిదా ఎక్కడ చంపుతుందో చెప్పే సంగతి ఒకటి ఉంది.

2014 డిసెంబరు 28, ఆదివారం ఉదయం. ఇండోనేషియాలోని సురబయా నుంచి సింగపూర్‌కు ఒక ఎయిర్‌ఏషియా విమానం 162 మందితో బయల్దేరింది. ఎయిర్‌బస్ ఏ320 రకం. ప్రయాణికుల్లో సురబయాలోని ఒకే సంఘానికి చెందిన విశ్వాసులు చాలామంది ఉన్నారు. విమానం జావా సముద్రంలో పడిపోయింది. ఒక్కరూ మిగలలేదు.

ఏడాది తర్వాత విచారణ నివేదిక వచ్చింది. విమానం తోకలో పడవ చుక్కాని లాంటిది ఒకటి ఉంటుంది, రడ్డర్ అంటారు. వేగంగా పోతున్నప్పుడు అది ఎక్కువ తిరగకుండా అదుపు చేసే ఒక చిన్న ఎలక్ట్రానిక్ పరికరం ఉంది. అందులో సోల్డరింగు అతుకు పగిలింది. మన ఊళ్లో రేడియో బాగుచేసేవాళ్లు పెట్టే సోల్డరింగే, అంత చిన్నది. ఆ పరికరంలో కూడా రెండు మార్గాలు ఉన్నాయి, ఒకటి పోతే ఇంకొకటి ఉండేటట్టు. రెండింటి అతుకులూ పగిలి ఉన్నాయి.

అది ఒక్కరోజులో పగిలింది కాదు. అంతకు ముందు 12 నెలల్లో ఆ పరికరం గురించి నిర్వహణ రికార్డుల్లో 23 సార్లు రాసి ఉంది. చివరి మూడు నెలల్లో మరీ తరచుగా. ప్రతిసారీ ఎవరో వచ్చారు, ఏదో చేశారు. చాలాసార్లు చేసింది రీసెట్. ఆపి, మళ్లీ వేసి, పరీక్షిస్తే లైటు పోయింది. బాగుంది అని రాశారు. 23 సార్లూ అది కొత్త జబ్బే. ఇది పోయిన నెల వచ్చిన జబ్బే కదా, అంతకు ముందు వచ్చిందే కదా అని పేజీలు వెనక్కి తిప్పి చూసి దాని వేరు పట్టుకున్నవాళ్లు లేకపోయారు.

ఆ ఉదయం గాలిలో ఉండగా అదే హెచ్చరిక నాలుగుసార్లు వచ్చింది. మూడుసార్లు పద్ధతి ప్రకారం చూశారు. నాలుగోసారి, సర్క్యూట్ బ్రేకర్లు లాగి పెట్టినట్టు రికార్డులో గుర్తులు ఉన్నాయని నివేదిక చెప్పింది. దాంతో ఒకదానికొకటి తోడుగా ఉన్న రెండు కంప్యూటర్లూ ఆగాయి. ఆటోపైలట్ ఆగింది. విమానం ఒరిగింది, నిటారుగా లేచింది, పట్టు తప్పింది. ఇద్దరు పైలట్లూ దాన్ని తిరిగి దారిలోకి తెచ్చుకోలేకపోయారు. గమనించండి, ఆ పగిలిన అతుకు ఒక్కటే విమానాన్ని పడేసేది కాదు. దాన్ని మాటిమాటికీ నోరు మూయించుకుంటూ ఏడాది నడిపారు. చివరికి ఆకాశంలో నోరు మూయించబోతే అన్నీ ఆగిపోయాయి.

నా దగ్గరికి కుటుంబాలు వస్తుంటాయి. భార్యాభర్తల తగువు, అన్నదమ్ముల గట్టు తగువు. కొన్ని తగువులు మూడు నెలలకొకసారి, ఆ తర్వాత నెలకొకసారి, ఆ తర్వాత వారానికొకసారి వస్తాయి. ప్రతిసారీ కొత్త కారణం చెబుతారు. పప్పులో ఉప్పు ఎక్కువైంది, ఫోన్ ఎత్తలేదు, వాళ్ల తమ్ముడి పెండ్లికి ఇంత పెట్టినాడు. "అయ్యగారూ, ప్రార్థన చేయండి, అంతా సర్దుకుంటుంది." ప్రార్థన చేస్తాను, తప్పకుండా చేస్తాను. కానీ ప్రార్థనను రీసెట్ బటన్ లాగా నొక్కమంటే నేను ఒప్పుకోను. కన్నీళ్లు తుడుచుకుని, టీ తాగి, లైటు పోయింది కదా అని వెళ్లిపోతామంటే కూర్చోబెడతాను. పోయినసారి ఎప్పుడు వచ్చారు? దానికి ముందు? ఏ నెలలో మొదలైంది? ఆ సంవత్సరం ఇంట్లో ఏం జరిగింది? చాలాసార్లు అక్కడ ఒక అప్పు బయటపడుతుంది. లేదా పోయిన బిడ్డ గురించి ఇద్దరూ ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదని బయటపడుతుంది. దేవుడు ఆదామును తోటలో అడిగింది కూడా ప్రశ్నలే కదా, అన్నీ తెలిసినవాడై ఉండి.

మన జిల్లాల్లో ఆకాశం మాట వస్తే 2009 సెప్టెంబరు 2 గుర్తుకు రాకుండా ఉండదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాలో రచ్చబండకు బెల్ 430 హెలికాప్టర్‌లో బయల్దేరారు. తొమ్మిదిన్నరకు కాస్త ముందు సంబంధం తెగిపోయింది. మర్నాడు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కనపడింది. ఆయనతో కలిపి ఐదుగురు. మన సంఘంలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు, నేను రాజకీయం రాయడం లేదు. ఆ రాత్రి ఇక్కడ ఎవరు నిద్రపోయారో చెప్పండి.

ఆ హెలికాప్టర్‌కు రెండు ఇంజన్లు. అనుభవం ఉన్న ఇద్దరు పైలట్లు. విచారణ కమిటీ తేల్చింది ఏమిటంటే, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ దగ్గర ఒక లోపం కనపడింది, దాన్ని తేల్చుకునే ప్రయత్నంలో 6 నిమిషాలకు పైగా గడిచాయి, ఆలోగా దారీ వాతావరణమూ మారాయి, ఉరుముల మబ్బు కింద బలంగా కిందికి తోసే గాలిలో హెలికాప్టర్ చిక్కుకుంది. ఆ ఇద్దరిని తప్పుపట్టే మనసు నాకు లేదు. ఎర్రలైటు వెలిగితే ఎవరైనా దాన్నే చూస్తారు. నేను ఆలోచించేది వేరే. ఇంజన్‌కు తోడు ఇంజన్ ఉంది, పైలట్‌కు తోడు పైలట్ ఉన్నాడు. నాలుగు కళ్లూ ఒకే చోటికి పోయినప్పుడు ఆ ఆరు నిమిషాలూ వాళ్లకు ఉన్నది ఒక్క చూపే. శంషాబాద్ అబ్బాయి చెప్పిన ఒక మాట అప్పుడు బాగా అర్థమైంది: ఆ జాబితాను నేల మీద, తీరికగా, ఏసీ గదిలో కూర్చుని తయారు చేసేది మబ్బులో ఎవరూ అంత ఆలోచించే పని పడకూడదనే.

నేల మీదికి వద్దాం. చెయ్యేరు మీద, రాజంపేట పైన అన్నమయ్య ప్రాజెక్టు. ఐదు గేట్లు. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున పైనున్న పింఛా తెగి, ఆ నీళ్లూ వచ్చి పడి, అన్నమయ్య మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట. ముప్పై మందికి పైగా పోయారు. గొడ్లకు, ఇండ్లకు లెక్కే లేదు. వరద ప్రాజెక్టు తట్టుకోగలిగినదానికంటే మించి వచ్చిందని ప్రభుత్వం చెప్పింది. ఆ వరద మామూలు వరద కాదు, అది నిజమే. అయితే ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని ఆ తర్వాతి నెలలో కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటులో చెప్పారు. ముందు సంవత్సరం నివర్ తుపాను నాటి నుంచే ఆ గేటు పని చేయడం లేదని పత్రికల్లో వచ్చింది.

ఎండిన ఏట్లో ఒక గేటు పని చేయకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. మన సీమలో ఏరు పారేదే ఎన్నాళ్లు? నాలుగు ఉన్నాయి కదా. ఆ మాటలో అబద్ధం లేదు కూడా. సంవత్సరంలో 360 రోజులు నాలుగు గేట్లు ఎక్కువే. ఐదో గేటు కట్టింది మిగిలిన ఆ కొద్ది రోజుల కోసం. దాని మీద స్టిక్కర్ లేదు, 10 రోజుల గడువు లేదు, ఇది లేకుండా నేను పోను అనే పైలట్ లేడు. కాగితం మీద ఐదు గేట్ల ప్రాజెక్టుగానే ఉండిపోయింది.

తుంగభద్ర సంగతి కర్నూలువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఎంత లేదన్నా ఏడు దశాబ్దాల నాటి గేటు. మొత్తం 33 ఉన్నాయి. మిగతా 32 దానికి బదులు నిలబడలేకపోయాయి, పైగా కట్ట మీద బరువు తగ్గించడానికి వాటినీ ఎత్తి నీళ్లు వదిలేయాల్సి వచ్చింది. అడ్డం పెట్టే స్టాప్‌లాగ్ పలకలు సిద్ధంగా లేవు, అప్పటికప్పుడు తయారు చేయించారు. కన్నయ్య నాయుడు గారు ఆ వయసులో వచ్చి, పారే నీటిలో వాటిని దించి, వారంలో ఆపగలిగారు. దేవుడు ఆయనకు ఆయుష్షు ఇచ్చును గాక. సంఖ్య ఎక్కువ ఉన్నంత మాత్రాన ఒకటి పోతే ఇంకొకటి ఉన్నట్టు కాదని అప్పుడు చూశాం.

ఇదంతా ఎందుకు రాశానంటే, పోయిన ఎండాకాలం మన సంఘంలో జరిగినదాని కోసం. పేరు, ఊరు రాయను. ఆమెను, ఆమె పిల్లలను అడిగి, సరేనన్న తర్వాతే రాస్తున్నాను.

డెబ్భై దాటిన విధవరాలు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దాయన కువైట్‌లో, రెండోవాడు బెంగళూరులో, మూడోవాడు ఇక్కడే పక్క టౌన్లో, కూతురు కడపలో. నలుగురూ మంచివాళ్లు, ఇది మొగమాటానికి రాయడం లేదు. తల్లికి ఏ లోటూ చేయలేదు. పక్కింట్లో ఒక అమ్మాయి ఉంది, సొంత మనవరాలికంటే ఎక్కువగా చూసుకుంటుంది. అంటే ఐదుగురు. ఇంతమంది ఉన్న ముసలి తల్లులు మన సంఘంలో తక్కువ.

ఒక సాయంత్రం స్నానాల గదిలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. తెల్లవారి పాలు పోసే మనిషి వచ్చి పిలిచేదాకా ఆ గచ్చు మీదే ఉంది.

ఆ రాత్రి ఏమైంది? కువైట్ కొడుకు, టౌన్లో తమ్ముడు పోయి ఉంటాడు అనుకున్నాడు. తమ్ముడు, అక్క రోజూ ఫోన్ చేస్తుంది కదా అనుకున్నాడు. అక్క చేసింది, ఎత్తలేదు. పక్కింటి అమ్మాయి ఉంది కదా, నిద్రపోయి ఉంటారు అనుకుంది. బెంగళూరు కొడుకు ముగ్గురున్నారు కదా అనుకున్నాడు. పక్కింటి అమ్మాయి ఆ రోజు మధ్యాహ్నమే పుట్టింటికి పోయింది. పోయేటప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఆ పిల్లను అనడానికి లేదు, వాళ్లకు నలుగురు పిల్లలున్నారు కదా అని ఆమె అనుకుంది. అసలు సంగతి ఇంకొకటి. ఈ తల్లి సొంత సెల్లుకు చార్జింగ్ పిన్ను పోయి రెండు నెలలైంది. ఆ అమ్మాయి ఫోన్ ఉంది కదా, పండగకు వచ్చినప్పుడు కొత్తది కొందాంలే అనుకున్నారు. అందరి ఫోన్లూ, అందరి ప్రేమా ఆ ఒక్క అమ్మాయి సెల్లులోంచే పోతున్నాయని ఎవరికీ తట్టలేదు.

1989 జూలై 19న అమెరికాలో యునైటెడ్ సంస్థ డీసీ-10 విమానానికి ఇలాగే జరిగింది. నూనె పీడనానికి మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి, మూడూ ఒకేసారి పోవడం అసాధ్యం అనుకున్నారు. తోకలో ఉన్న ఇంజన్‌లో ఒక చక్రం పగిలి ముక్కలు ఎగిరాయి. మూడింటి గొట్టాలూ ఆ తోకలో దగ్గర దగ్గరగానే పోతున్నాయి. మూడూ తెగాయి. పైలట్లు మిగిలిన రెండు ఇంజన్ల వేగం మార్చుకుంటూ సూ సిటీ దాకా తెచ్చారు, 184 మంది బ్రతికారు, 110 మందికి పైగా పోయారు. లెక్కకు మూడు, దారి ఒకటే.

ఆమె ఇప్పుడు బాగుంది. ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని నడుస్తోంది, పోయిన నెల రొట్టె ద్రాక్షరసాలకు గుడికి వచ్చింది. ఆసుపత్రిలో నాతో అన్న మాట చెబుతాను. "ఐదు మంది ఉండారు గదయ్యా, ఎవురో ఒకరు వస్తారులే అనుకుంటా పండుకున్నా." ఎవరిమీదా కోపం లేదు ఆమెకు. నాకు ఆ రాత్రంతా ఆ మాటే.

సంఘ పెద్దలం కూర్చున్నాం. ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాం. ఒంటరిగా ఉన్న వృద్ధులు మన సంఘంలో పదకొండు మంది. ఒక్కొక్కరికి ఒక పేజీ. రోజూ చూసేది ఎవరు, ఆ మనిషి ఊళ్లో లేనప్పుడు ఎవరు, ఇంట్లో చెడిపోయినది ఏమిటి, ఏ తేదీకి బాగవుతుంది, చూసినవారి సంతకం. రోజూ చూసే మనిషి ఊరు వదిలేటప్పుడు రెండో మనిషికి ఫోన్ చేసి, ఈ రోజు నువ్వొక్కదానివే అని చెప్పి పోవాలి. ఆ ఒక్క వాక్యమే మన స్టిక్కర్.

పెద్దల్లో ఒకాయన అడ్డం చెప్పాడు. "అయ్యగారూ, ప్రేమకు రిజిస్టరు పెడతామా? రేపు సంతకం కోసం పోయినట్టు ఉంటుంది." మంచి మాట అడిగాడు. నేను అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీశాను. యెరూషలేములో మొదటి సంఘం. ఆస్తులమ్మి ఒకరికొకరు పెట్టుకున్న సంఘం, అంతకంటే ప్రేమ ఏ సంఘంలో ఉంటుంది? పైన పన్నెండుమంది అపొస్తలులు. అయినా కొందరు విధవరాండ్రకు రోజువారీ భోజనం అందకుండా పోయింది. ప్రేమ లేక కాదు. పన్నెండుమంది ఉన్నా, ఇది నా పని అన్నవాడు ఒకడు లేక. అప్పుడు వాళ్లు ఇంకా ఎక్కువ ప్రేమించండి అని తీర్మానం చేయలేదు. ఏడుగురిని పేర్లతో సహా ఏర్పరచారు. ఆ ఏడు పేర్లూ లేఖనంలో ఉన్నాయి, చూడండి. తర్వాత తిమోతికి రాసిన పత్రికలో విధవరాండ్ర లెక్క గురించి కూడా పౌలు రాశాడు. ఆయన కాసేపు ఊరకుండి, "సరే, మా వీధిలో ఇద్దరు ఉన్నారు, నా పేరు రాసుకోండి" అన్నాడు.

సంతకం కోసం పోయినా నాకు అభ్యంతరం లేదు. పోయినవాడు తలుపు తడతాడు కదా.

పదకొండు పేజీల్లో ఎనిమిదింటికి రెండు పేర్లూ పడ్డాయి. మూడింటికి రెండో గడి ఖాళీగా ఉంది. ఆ మూడిళ్ల పిల్లలూ బయట ఉన్నవాళ్లే, ఇది చదువుతారు. మీ అమ్మకు రెండో మనిషిగా ఎవరిని అడగాలో మాకంటే మీకే తెలుసు, చిన్నప్పటి స్నేహితుడు కావచ్చు, ఎదురింటి కోడలు కావచ్చు. మొదటి మనిషి ఫోన్‌కు కాకుండా వేరే ఫోన్ ఉన్నవాళ్లు అయితేనే రాస్తాం. కువైట్‌లో ఉన్నవాళ్లు శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు చేయండి. మీకు సాయంత్రం ఏడు అంటే మాకు రాత్రి తొమ్మిదిన్నర, అప్పటిదాకా మేలుకునే ఉంటాను. బుధవారం మాత్రం ఉపవాస ప్రార్థన, ఫోన్ ఎత్తను.